ఎనిమిది ఆరుముఖాల పాచికల సగటు 24 అంటున్న మా డీఎంకు ఎలా నచ్చజెప్పాలి?

తుంగభద్ర_మాంత్రికుడు:
కర్నూలులో మా బృందం ఆదివారాలు డంజియన్స్ అండ్ డ్రాగన్స్ అనే పాత్రధారణ ఆట ఐదో ఎడిషన్ ఆడుతుంది. పోరాటాలు మరీ సాగిపోతున్నాయని మా డీఎం (డంజియన్ మాస్టర్, అంటే ఆట నడిపించేవారు) ఈ మధ్య దెబ్బల లెక్కకు పాచికలు వేయించడం మానేసి, అన్నింటికీ సగటు తీసుకోవాలని నిర్ణయించారు. అంతవరకు నాకు అభ్యంతరం లేదు. గొడవంతా ఆయన సగటు కట్టే పద్ధతితోనే వచ్చింది. ఆరుముఖాల పాచిక సగటు మూడున్నర, పాచిక మీద అర ఉండదు కనుక దాన్ని మూడు చేయాలి, నా నిప్పు మంత్రం ఫైర్‌బాల్‌కు ఎనిమిది పాచికలు కనుక ఎనిమిది మూళ్లు ఇరవై నాలుగు అని ఆయన తేల్చేశారు. నా లెక్కలో 28 రావాలి. నాలుగు పాయింట్లకే ఇంత రభసా అని తోటివాళ్లు నవ్వుతున్నారు గానీ, బేలం గుహలను చూసి గీసిన నేలమాళిగలో 27 హెచ్‌పీ (ప్రాణబలం పాయింట్లు) ఉన్న ముగ్గురు దొంగలు ఆ నాలుగు పాయింట్ల పుణ్యాన బతికి, మా రోగ్ పాత్రను పడగొట్టారు.

ఇదే సందర్భంలో ఇంకొక తగవు కూడా ఉంది. మా ఫైటర్ (యోధుడి పాత్ర) 2డీ6, అంటే రెండు ఆరుముఖాల పాచికల గ్రేట్‌సోర్డ్ కత్తి పట్టడం మేలా, 1డీ12, అంటే ఒక పన్నెండు ముఖాల పాచిక గ్రేట్‌యాక్స్ గొడ్డలి పట్టడం మేలా అన్నది తేలడం లేదు. సగటు తెలిస్తే చాలునా, ఇంకేమైనా చూడాలా?

లెక్కల_పంతులు:
28 సరైనది. ఆరుముఖాల పాచికలో 1 నుంచి 6 వరకు అన్ని అంకెలూ సమానంగా పడతాయనుకుంటే, వాటి మొత్తం 21ని 6తో భాగిస్తే మూడున్నర వస్తుంది. ఒకటి నుంచి వరుసగా అంకెలున్న ఏ పాచికకైనా మొదటి అంకెనూ చివరి అంకెనూ కలిపి సగం చేస్తే సరిపోతుంది. డీ4కు రెండున్నర, డీ8కు నాలుగున్నర, డీ10కు ఐదున్నర, డీ12కు ఆరున్నర, డీ20కి పదిన్నర వస్తాయి. ఎన్ని పాచికలు కలిపి వేసినా మొత్తపు సగటు వాటి విడి సగటుల కూడికే అవుతుంది. కాబట్టి ముందుగా అన్నీ కూడి, చివరన ఒక్కసారి మాత్రమే పూర్ణాంకం చేయాలి. ప్రతి పాచిక దగ్గరా అర కోసేస్తే ఎనిమిది అరలు, అంటే నాలుగు పాయింట్లు, ఎవరి ఖాతాలోనూ పడకుండా పోతాయి.

మీ డీఎంకు బీజగణితం రుచించకపోతే ఎనిమిది పాచికలు బల్ల మీద వేసి, పైముఖాల అంకెలనూ బల్లకు ఆనిన ముఖాల అంకెలనూ కలిపి చూడమనండి. మామూలు పాచికలో ఎదురెదురు ముఖాల మొత్తం 7 కనుక, ఎలా వేసినా ఆ కూడిక 56 మాత్రమే వస్తుంది. పైముఖానికి ఎంత అవకాశముందో కింది ముఖానికీ అంతే అవకాశముంది కాబట్టి పైవాటి సగటు అందులో సగం, అంటే 28 అవుతుంది. దీనికి కాగితం కూడా అక్కరలేదు.

ఉగ్గాని_యోధుడు:
ఆ పోయిన నాలుగు పాయింట్లను మీ డీఎం ఉగ్గానిలో బజ్జీలా నంజుకుని ఉంటారు. అనంతపురంలో ఆడే మా బల్ల దగ్గర ఇలా జరిగి ఉంటే మాంత్రికుడు ఆట మధ్యలోనే లేచిపోయేవాడు.

గండికోట_గూఢచారి:
ఆటతో వచ్చిన పుస్తకంలోనే దీనికి సాక్ష్యం ఉండగా బల్ల మీద ప్రయోగం కూడా అవసరం లేదు. 2014 నాటి మాన్‌స్టర్ మాన్యువల్‌లో ప్రతి జీవికీ పాచికల పక్కన సగటును అచ్చువేశారు. ఓగర్ హెచ్‌పీ 7డీ10+21. అర కోసి కడితే ఏడైదులు ముప్పై ఐదు, దానికి 21 కలిపితే 56 రావాలి, కానీ పుస్తకంలో 59 అని ఉంది. అసలు సగటు 59.5 కనుక చివరన మాత్రమే అర వదిలేశారని స్పష్టంగా తెలుస్తోంది. యంగ్ రెడ్ డ్రాగన్ నిప్పు ఊపిరి 16డీ6 కాగా, దానికి 56 అని వేశారు. మీ డీఎం పద్ధతిలో అది 48 మాత్రమే అవుతుంది.

నేలమాళిగ_యజమాని:
నేనే ఆ డీఎంను. ఈ చర్చ లంకెను మా ఆటగాళ్లే నాకు పంపించారు కనుక నా పక్షం కూడా వినండి. ఈ ఆటలో ఎక్కడ భాగహారం చేసినా భిన్నాన్ని కిందికి తేవాలని నియమం ఉంది. నేను ఆ నియమాన్నే పాటించాను. పైగా ఆటగాళ్లకు ఒక పద్ధతి, నా జీవులకు మరొక పద్ధతి అని పెట్టలేదు. నేను సొంతంగా తయారు చేసుకున్న జీవులన్నింటి దెబ్బలనూ ఇలాగే పాచికకు మూడు చొప్పున కట్టాను. పన్నెండు మంది గోబ్లిన్లు ఒకేసారి మీద పడినప్పుడు ఒక్కొక్కరికీ గురి పాచిక, దెబ్బ పాచిక వేసి కూడుతూ కూర్చుంటే, కొండారెడ్డి బురుజు మీద దీపాలు వెలిగే వేళకు కూడా మేము మొదటి గదిలోనే ఉంటాము.

తుంగభద్ర_మాంత్రికుడు:
డీఎం గారూ, పద్ధతి ఇద్దరికీ ఒకటే కావచ్చు, నష్టం మాత్రం ఒకటి కాదు. గోబ్లిన్ ఒక్క పాచిక వేస్తాడు కనుక వాడికి పోయేది అర పాయింటు. నేను ఎనిమిది వేస్తాను కనుక నాకు నాలుగు పోతాయి.

లెక్కల_పంతులు:
మాంత్రికుడు పట్టుకున్న అంశమే అసలు విషయం. ప్రతి పాచికనూ కోసే పద్ధతిలో ఎక్కువ చిన్న పాచికలు వేసేవారు ఎక్కువగానూ, తక్కువ పెద్ద పాచికలు వేసేవారు తక్కువగానూ నష్టపోతారు. 2డీ6 కత్తి 7 నుంచి 6కు దిగిపోతుంది, 1డీ12 గొడ్డలి ఆరున్నర నుంచి 6కు దిగుతుంది, అంటే రెండు ఆయుధాల మధ్య ఉన్న తేడాయే మాయమవుతుంది. ఇక భాగహార నియమం సంగతి. సేవ్ చేసినవాడికి (దెబ్బ తప్పించుకునే పాచిక వేసి నెగ్గినవాడికి) ఫైర్‌బాల్ దెబ్బ సగమే తగలాలన్నప్పుడు ఆ నియమం వర్తిస్తుంది, అది కూడా మొత్తం దెబ్బ మీద ఒకసారి మాత్రమే. పాచికలు నిజంగా వేసి 27 వస్తే, సేవ్ చేసినవాడికి 13 తగులుతుంది. అప్పుడు ఎవరూ ఒక్కొక్క పాచికనూ సగం చేసి కూడరు కదా.

నల్లరేగడి_బార్డ్:
24 కావచ్చు, 28 కావచ్చు, అసలు దెబ్బకు సగటు తీసుకోవడమే నాకు నచ్చదు. 28 అని ఖాయం చేస్తే 28 హెచ్‌పీ ఉన్నవాడు సేవ్ తప్పిన ప్రతిసారీ పడిపోతాడు, 29 ఉన్నవాడు మొదటి దెబ్బకు ఎన్నటికీ పడడు. నిజంగా ఎనిమిది పాచికలు వేస్తే 29 గానీ అంతకంటే ఎక్కువ గానీ రావడానికి దాదాపు 46 శాతం అవకాశం ఉంది. ఆ 46ను సున్నా చేసి, అదే ఆట అనుకోమంటే ఎలా? ఆటగాళ్లు కొద్ది రోజుల్లోనే ఆ గీతను కనిపెట్టి, దాని చుట్టూ లెక్కలు వేసుకుని ఆడతారు.

గండికోట_గూఢచారి:
బార్డ్ గారి మాటలో నిజం ఉంది గానీ, అది ఒకే జీవికి ఒకే దెబ్బ తగిలే సందర్భానికి సంబంధించినది. ఎనిమిది పాచికల మొత్తం దాదాపు నాలుగింట మూడు సార్లు 23కూ 33కూ మధ్యనే పడుతుంది. పోరాటం పొడవునా పది పన్నెండు దెబ్బలు తగిలేసరికి ఈ ఎగుడుదిగుళ్లు చాలావరకు సర్దుకుంటాయి. కడపలో మేము ఆడే చోట జీవుల దెబ్బకు పుస్తకంలోని సగటు తీసుకుంటాము, ఆటగాళ్లు మాత్రం తమ పాచికలు తామే వేసుకుంటారు. సమయం ఆదా కావలసింది డీఎంకు. పాచిక వేయడం ఆటగాడికి సరదా, దాన్ని లాగేసుకోవడం దేనికి?

ఏడురోడ్ల_రోగ్:
గూఢచారి గారితో ఏకీభవిస్తాను. స్నీక్ అటాక్ (దొంగచాటు దెబ్బ) పాచికలు గుప్పెట్లో గలగలలాడించే హక్కును ఏ రోగ్ కూడా వదులుకోడు.

గొడ్డలి_వీరుడు:
మొదటి టపాలో చెప్పిన ఫైటర్‌ను నేనే. నా గొడ్డలి సంగతి ఎవరూ పట్టించుకోవడం లేదు. నేను గొడ్డలి ఎంచుకున్నది 12 పడుతుందన్న ఆశతోనే. కత్తికి సగటు అర పాయింటు ఎక్కువని మాంత్రికుడు రోజూ పోరు పెడుతున్నాడు. 12 పడటం కత్తికి 36లో ఒకసారి, గొడ్డలికి 12లో ఒకసారి. అంటే మూడు రెట్లు. ఇందులో నేను నష్టపోయిందేమిటో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

చిత్రావతి_విలుకాడు:
ఈ ప్రశ్నకు సగటు ఒక్కటే జవాబు చెప్పలేదు, ఎదుటివాడికి ఎన్ని హెచ్‌పీ మిగిలి ఉన్నాయన్నది కూడా తెలియాలి. వీరుడికి బలం వల్ల +3 కలుస్తుందనుకుని, దెబ్బ తగిలిన తరువాతి లెక్కను మాత్రమే చూద్దాం.

7 హెచ్‌పీ గోబ్లిన్ ఒకే దెబ్బకు పడాలంటే పాచికల మీద 4 గానీ అంతకు మించి గానీ రావాలి. కత్తికి 36 విధాల్లో 33 పనికొస్తాయి, అంటే దాదాపు 92 శాతం. గొడ్డలికి 12లో 9, అంటే 75 శాతం. సగటులో తేడా అర పాయింటే అయినా గోబ్లిన్ చావులో తేడా పదిహేడు శాతం దాకా ఉంది. ఇప్పుడు 15 హెచ్‌పీ ఉన్నవాణ్ని తీసుకుంటే, పాచికల మీద 12 తప్ప మరేదీ చాలదు. వీరుడు చెప్పినట్లు అక్కడ గొడ్డలికి మూడు రెట్ల అవకాశం ఉంది. ఈ రెండింటి మధ్య సరిగ్గా సమానమయ్యే చోటు కూడా ఒకటుంది. 11 హెచ్‌పీ ఉన్నవాడిని పడగొట్టడానికి 8 రావాలి. కత్తికి 36లో 15, గొడ్డలికి 12లో 5, రెండూ ఒకటే. అంతకంటే తక్కువ హెచ్‌పీ ఉన్నవాడిని ఒక్క వేటుకు కూల్చడంలో కత్తి మేలు, ఎక్కువ ఉన్నవాడి విషయంలో గొడ్డలి మేలు. అరవై హెచ్‌పీ ఓగర్ లాంటివాడు ఎలాగూ చాలా దెబ్బలకు గానీ పడడు కనుక, అక్కడ మళ్లీ సగటే పెత్తనం చేస్తుంది, కత్తికి స్వల్పంగా మొగ్గు ఉంటుంది.

గొడ్డలి_వీరుడు:
11 హెచ్‌పీ లెక్కను కాగితం మీద రాసి మాంత్రికుడి తెర ముందు అతికించబోతున్నాను.

లెక్కల_పంతులు:
విలుకాడు గారి లెక్క ముచ్చటగా ఉంది. దానికి దెబ్బ తగిలే అవకాశాన్ని కూడా చేర్చుతాను. ఎదుటివాడి ఏసీ (దెబ్బ తగలాలంటే అందుకోవలసిన కవచపు అంకె) 15, వీరుడి గురి +5 అనుకుంటే డీ20 మీద 10 గానీ ఎక్కువ గానీ పడాలి, అంటే 20లో 11, 55 శాతం. కత్తి దెబ్బ సగటు 7+3, మొత్తం 10. అందులో 55 శాతం ఐదున్నర. 20 పడినప్పుడు క్రిటికల్ కనుక ఆయుధపు పాచికలు మరొకసారి కలుస్తాయి, ఆ 7లో 5 శాతం 0.35. మొత్తం మీద ఒక్కొక్క ప్రయత్నానికి 5.85. ఇదే విధంగా గొడ్డలికి 5.55 వస్తుంది. క్రిటికల్‌లో రెట్టింపయ్యేవి పాచికలే, +3 రెట్టింపు కాదు. చాలామంది మొత్తం పదినీ రెట్టింపు చేసి లెక్క చెడగొట్టుకుంటారు.

ఉగ్గాని_యోధుడు:
వీరుడు గ్రేట్ వెపన్ ఫైటింగ్ శైలిని తీసుకున్నాడా? తీసుకుంటే కథ మారుతుంది. 2014 నియమంలో 1 గానీ 2 గానీ పడిన పాచికను ఒకసారి మళ్లీ వేయవచ్చు.

లెక్కల_పంతులు:
మారుతుంది, అది కూడా కత్తి వైపే. ఆరుముఖాల పాచికలో ఆరింట నాలుగు సార్లు 3 నుంచి 6 వరకు పడతాయి, వాటి సగటు నాలుగున్నర. మిగిలిన రెండు సార్లు మళ్లీ వేస్తాము, దాని సగటు మూడున్నర. రెండూ తమ తమ వాటాలతో కలిస్తే పాచికకు 4.17, కత్తికి 8.33 వస్తుంది. పన్నెండు ముఖాల పాచికలో 1, 2 పడేది పన్నెండింట రెండు సార్లే కనుక మళ్లీ వేసే భాగ్యం తక్కువ, సగటు 7.33 దగ్గర ఆగిపోతుంది. అర పాయింటు తేడా ఒక పాయింటు అయింది. 2024 పుస్తకంలో దీన్ని మార్చి 1, 2 పడితే 3గా లెక్కించమన్నారు. దాని ప్రకారం కత్తికి 8, గొడ్డలికి 6.75.

ఏడురోడ్ల_రోగ్:
ఫైటర్ కాక బార్బేరియన్ పాత్ర అయితే మాత్రం గొడ్డలే. 2014 పుస్తకంలో తొమ్మిదో స్థాయికి వచ్చే బ్రూటల్ క్రిటికల్ ఆయుధపు పాచిక ఒకదాన్ని అదనంగా ఇస్తుంది. గొడ్డలికి అది ఆరున్నర, కత్తికి ఒక్క ఆరుముఖాల పాచికే కనుక మూడున్నర. క్రిటికల్ పడినప్పుడు గొడ్డలి పాచికల సగటు 19.5, కత్తిది 17.5.

గొడ్డలి_వీరుడు:
ఫైటర్‌గా ఇంత దూరం వచ్చాక ఇప్పుడు బార్బేరియన్ కావాలంటున్నారు.

నల్లరేగడి_బార్డ్:
హెచ్‌పీ గురించి ఎవరూ మాట్లాడలేదు. స్థాయి పెరిగినప్పుడు ఫైటర్ డీ10 వేయవచ్చు, లేదా వేయకుండా 6 తీసుకోవచ్చు. సగటు ఐదున్నర కదా, పుస్తకం ఇక్కడ పైకి ఎందుకు సవరించింది? ఓగర్ దగ్గర మాత్రం కిందికి దించింది.

గండికోట_గూఢచారి:
ఆటగాడి వైపు మొగ్గు చూపారనే నేను అనుకుంటాను. మాంత్రికుడి డీ6కు 4, రోగ్ డీ8కు 5, ఫైటర్‌కు 6, బార్బేరియన్ డీ12కు 7. స్థాయికి అర చొప్పున లాభం వస్తుంది కనుక రెండో స్థాయి నుంచి ఇరవయ్యో స్థాయి వరకు చూస్తే, పాచిక వేసే ఫైటర్ సగటున తొమ్మిదిన్నర హెచ్‌పీ వెనకబడతాడు. పాచిక వేసి 1 తెచ్చుకుని ఏడ్చే ఆటగాడిని ఓదార్చలేక మా దగ్గర అందరూ స్థిరమైన అంకెనే తీసుకుంటున్నారు.

నేలమాళిగ_యజమాని:
సందర్భం వచ్చింది కనుక అడుగుతున్నాను. కొత్త పాత్రల లక్షణాలకు నాలుగు ఆరుముఖాల పాచికలు వేసి, అన్నింటికంటే చిన్నదాన్ని తీసేసే పద్ధతి సగటును ఎంత పెంచుతుంది? 15, 14, 13, 12, 10, 8 అనే స్థిర జాబితా కంటే అది మంచిదేనా?

లెక్కల_పంతులు:
ఇక్కడ విడి సగటులు కూడితే చాలదు. ఏ పాచిక తొలగిపోతుందో మిగతా వాటిని బట్టి తేలుతుంది. 1296 విధాలనూ లెక్కించాలి. లెక్కిస్తే సగటు 12.24 దాకా వస్తుంది, మూడు పాచికలే వేస్తే వచ్చే పదిన్నర కంటే ఇది చాలా మెరుగు. స్థిర జాబితా మొత్తం 72, అంటే లక్షణానికి 12. పాచికలు వేస్తే ఆరు లక్షణాల మొత్తం సగటున 73న్నరకు దగ్గరగా ఉంటుంది. ఒకటిన్నర పాయింటు లాభం కోసం ఒకడు మహావీరుడుగానూ పక్కవాడు పేలవంగానూ పుట్టే ప్రమాదాన్ని భరించాలి. ఒక లక్షణానికి 18 పడే అవకాశం 1296లో 21, అంటే 1.6 శాతం.

చిత్రావతి_విలుకాడు:
అడ్వాంటేజ్‌కు కూడా ఇదే చిక్కు ఉంది. రెండు డీ20లు వేసి పెద్దదాన్ని తీసుకుంటే సగటు 10.5 నుంచి 13.825కు పెరుగుతుంది కనుక, అడ్వాంటేజ్ అంటే +3.3తో సమానమని చాలాచోట్ల రాస్తుంటారు. నా దృష్టిలో ఆ మాట ఆటగాడిని తప్పుదోవ పట్టిస్తుంది. 11 పడితే చాలనే చోట 50 శాతం అవకాశం 75 అవుతుంది, అది +5 ఇచ్చినట్లు. 20 పడితేనే తగిలే చోట 5 శాతం కాస్తా 9.75 మాత్రమే అవుతుంది, అది +1 కంటే కూడా కొంచెం తక్కువ. విలుకాడిగా నేను అడ్వాంటేజ్‌ను మధ్యరకం ఏసీ ఉన్నవాడి మీద ఖర్చు పెడతాను, ఇనుప కవచం తొడిగినవాడిని మాంత్రికుడికి వదిలేస్తాను.

ఉగ్గాని_యోధుడు:
పాచికను పేల్చే ఆటలలో ఇంకా విచిత్రం జరుగుతుంది. శావేజ్ వరల్డ్స్‌లో పెద్ద అంకె పడితే మళ్లీ వేసి కలుపుకుంటాం కదా. ఆ లెక్కన ఆరుముఖాల పాచిక సగటు మూడున్నర నుంచి 4.2 అవుతుంది, నాలుగు ముఖాలదాని సగటు 3.33 అవుతుంది. అయినా లక్ష్యం 6 అయితే, వైల్డ్ డైని (తోడుగా వేసే అదనపు పాచికను) పక్కన పెట్టి చూసినప్పుడు డీ4 గెలుస్తుంది. దానికి మొదట 4, తరువాత 2 గానీ ఎక్కువ గానీ పడితే చాలు, అవకాశం 18.75 శాతం. డీ6కు 6 పడి తీరాలి, అవకాశం 16.67 శాతం. సగటు తక్కువైన పాచిక ఎక్కువ సార్లు నెగ్గుతుందంటే మా బృందంలో ఎవరూ నమ్మలేదు, ఒక సాయంత్రమంతా వాదించుకున్నాము.

తుంగభద్ర_మాంత్రికుడు:
పంతులు గారికి మరొక ప్రశ్న. మా రోగ్ పాచిక మీద నాకు అనుమానంగా ఉంది. అరవై సార్లు వేయించి రాసుకున్నాము. 1 ఏడు సార్లు, 2 తొమ్మిది, 3 పదకొండు, 4 ఎనిమిది, 5 పది, 6 మాత్రం పదిహేను సార్లు పడ్డాయి. సగటు 3.83. ఇది దొంగ పాచిక అనవచ్చా?

ఏడురోడ్ల_రోగ్:
మాంత్రికులంతా ఇంతే, రోగ్ అనగానే చేతులకు సంకెళ్లు వేయాలని చూస్తారు.

లెక్కల_పంతులు:
ఈ ఆధారంతో అనలేము. ఒక్కొక్క ముఖం పదేసి సార్లు రావాలి కనుక ప్రతి ముఖం దగ్గరా తేడాను వర్గం చేసి పదితో భాగించి కూడండి. 9, 1, 1, 4, 0, 25 కలిపితే 40, దాన్ని పదితో భాగిస్తే 4. కై-వర్గ పరీక్షలో ఆరు ముఖాలకు ఇది 11.07 దాటితేనే ఐదు శాతం స్థాయిలో అనుమానించడానికి వీలుంటుంది. మంచి పాచిక కూడా అరవై సార్లకు ఇంతటి తేడా తరచుగానే చూపుతుంది. అనుమానం తీరకపోతే ఇంకా చాలా సార్లు వేయండి. ఒక మాట, వేసినవన్నీ రాయాలి. బల్ల మీద నుంచి జారి కింద పడినవి లెక్కలోకి రావు అని మధ్యలో నియమం పెడితే పరీక్ష చెడిపోతుంది.

నల్లరేగడి_బార్డ్:
గ్లాసు నీళ్లలో పాచిక తేలేదాకా ఉప్పు కలిపి, వేలితో తిప్పి, ఎప్పుడూ ఒకే ముఖం పైకి వస్తోందేమో చూడవచ్చు. లోపల గాలి బుడగ ఉంటే అది బయటపడుతుంది. అయితే అంచులు అరిగిపోయిన పాచిక దోషం నీళ్లలో తెలియదు, వేసి చూడవలసిందే.

గండికోట_గూఢచారి:
పక్కదారి పడుతున్నానని అనుకోవద్దు, ఇదీ సగటు సంగతే. మా ఇంట్లో అష్టాచెమ్మా నాలుగు గవ్వలతో ఆడతారు. నోరు పైకి పడిన గవ్వలు ఎన్నో అన్ని గడులు నడవాలి, నాలుగూ పైకి పడితే చెమ్మా, నాలుగూ బోర్లా పడితే అష్టా, అంటే ఎనిమిది. డీ4 దొరకని రోజు దాని బదులు గవ్వలు వాడదామని మా డీఎం అంటున్నారు. గవ్వ అటూ ఇటూ సమానంగా పడుతుందనుకుంటే సగటు ఎంత వస్తుంది?

లెక్కల_పంతులు:
పదహారు విధాలున్నాయి. 1 నాలుగు విధాలుగా, 2 ఆరు విధాలుగా, 3 నాలుగు విధాలుగా, 4 ఒక విధంగా, 8 ఒక విధంగా పడతాయి. విలువలన్నీ కూడితే 40, పదహారుతో భాగిస్తే సరిగ్గా రెండున్నర. అంటే డీ4 సగటే, కానీ పంపకం వేరు. డీ4లో 1, 2, 3, 4 సమానం, గవ్వలలో 2 ఎక్కువగా పడుతుంది, ఎప్పుడో ఒకసారి 8 పడి ఎదుటివాడి గుండె ఆగుతుంది.

ఇందులో నన్ను ఆకట్టుకున్న విషయం మరొకటి ఉంది. నిజమైన గవ్వ ఎప్పుడూ సమానంగా పడదు. నోరు పైకి పడే అవకాశం పదింట నాలుగు అయితే సగటు 2.64, పదింట ఆరు అయితే 2.61. కలనగణితంతో కనిష్ఠ విలువ వెతికితే అది సరిగ్గా సగం దగ్గరే వస్తుంది. గవ్వ ఏ వైపు మొగ్గినా సగటు రెండున్నర కంటే పెరుగుతుందే తప్ప తగ్గదు. ఒక వైపు మొగ్గితే మామూలు గడులు పెరుగుతాయి, రెండో వైపు మొగ్గితే అష్టాలు పెరుగుతాయి.

చిత్రావతి_విలుకాడు:
అష్టా, చెమ్మా పడితే మళ్లీ వేయాలి కదా, దాన్ని లెక్కలోకి తీసుకోలేదు.

లెక్కల_పంతులు:
పదహారింట రెండు సార్లు మళ్లీ వేసే వీలుంది కనుక రెండున్నరను ఎనిమిదో వంతు తక్కువ ఒకటితో, అంటే 7/8తో భాగించాలి. వంతుకు 2.86 వస్తుంది. దెబ్బ లెక్కకు వాడుకుంటే ఆ రెండో వేత వద్దని ముందే చెప్పుకోండి.

ఏడురోడ్ల_రోగ్:
చెట్టు కాయలనూ ఆకులనూ చూపుతోనే లెక్కగట్టి, నలుడికి అక్షహృదయం నేర్పిన ఋతుపర్ణుడు పంతులు గారికి దూరపు చుట్టమై ఉంటాడు.

నేలమాళిగ_యజమాని:
చర్చ అంతా చదివాను, ఎనిమిది పాచికలు బల్ల మీద వేసి పైనా కిందా కూడి కూడా చూశాను. వచ్చే ఆదివారం నుంచి ఆటగాళ్ల పాచికలు ఆటగాళ్లే వేసుకోవచ్చు, జీవుల దెబ్బలకు చివరన మాత్రమే అర తీసేసిన సగటు ఉంటుంది. ఈ మార్పు కోరినవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. బేలం నేలమాళిగ చివరి గదిలో నేను తయారు చేసి పెట్టిన నాగం ఊపిరి కూడా 16డీ6, సేవ్ 17. పాత లెక్కలో అది 48. ఇప్పుడు మీ అందరి కోరిక మేరకు 56 అయింది.

తుంగభద్ర_మాంత్రికుడు:
నా హెచ్‌పీ 32. సేవ్‌కు నాకున్నది +2, అంటే 15 గానీ ఎక్కువ గానీ పడాలి, 30 శాతం అవకాశం. అయినా అబ్జార్బ్ ఎలిమెంట్స్ మంత్రం చేతిలో ఉంది కనుక దెబ్బ సగమవుతుంది. సేవ్ తప్పితే 28, నెగ్గితే 14. ఎలా చూసినా నాలుగు హెచ్‌పీతోనైనా నిలబడతాను.

లెక్కల_పంతులు:
సగటు తీసుకుంటే నిలబడతారు. నిజంగా పదహారు పాచికలు వేస్తే 64 గానీ అంతకు మించి గానీ రావడానికి సుమారు ఏడింట ఒక అవకాశం ఉంది, అప్పుడు సగం 32, మీరు నేల మీద ఉంటారు. సేవ్ తప్పడానికి ఉన్న 70 శాతాన్ని కూడా కలిపి చూస్తే ప్రమాదం పది శాతానికి కొంచెం తక్కువ.

తుంగభద్ర_మాంత్రికుడు:
అయితే నాగం విషయంలో డీఎం గారి సగటు పద్ధతినే నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తున్నాను.

నేలమాళిగ_యజమాని:
ఆ ఒక్క గదిలో మాత్రం పాచికలు వేస్తాను. పదహారూ ఇప్పటికే సంచీలో పెట్టుకున్నాను.